పాదులవలస చిల్లాకులమ్మ

పాదులవలస ఊరు దాటి, కొండవాలు వైపు బండిబాట పట్టి కాస్త నడిస్తే కూరపాదుల నడుమ చిల్లాకులమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గుడి అన్నాం కదా అని గోపురం వెతుక్కోనక్కరలేదు. సొరతీగ అల్లుకున్న పందిరే అమ్మవారికి కప్పు. దాని కింద నిలువెల్లా చిన్న చిన్న చిల్లులున్న ఎర్రరాయి, దానికి పసుపు, కుంకుమ. కొత్తగా వచ్చే భక్తులు నిగనిగలాడే కూరగాయలు ఏరి తెచ్చి అర్చకుని చేతిలో పెడతారు. ఆయన నవ్వి, పురుగు కొట్టినది ఒక్కటైనా ఉంటే తెమ్మంటారు. ఈ వింతకు కారణం తెలియాలంటే అసిరమ్మ కథ వినాలి.

పూర్వం ఇక్కడ అసిరమ్మ కూరతోట ఉండేది. భర్త పోయాక, పుట్టింటివారిచ్చిన ఆ కాస్త నేల తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పేడ ఎరువు, ఆకు ఎరువు వేసి వంగ, బెండ, సొర పెంచేది. గట్టు మీద దానిమ్మలు, అరటి పిలకలు. బెండ మొక్క ముఖం వేలాడేస్తే బతిమాలేది. సొరతీగ పక్క పాదులోకి పోతే చెవి మెలిపెట్టినట్టు వెనక్కి తిప్పేది. పిల్లలు లేని ఆమెకు ఆ తోటే సంతానం.

ఒక ఏడు గ్రామదేవత పండుగకు తొలి సొరకాయ పట్టుకువెళ్లింది. పూజారి గురువయ్య కాయను తిప్పి చూసి, పురుగు గాటు ఉన్నదని అందరి ఎదుటా తిరిగి ఇచ్చేశాడు. అసిరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వస్తూనే పురుగుల మీద కక్ష కట్టింది. విషపు ముష్టి గింజలు, ఉమ్మెత్తకాయలు దంచి, కషాయం కాచి, ఆకు ఆకుకూ చల్లింది. తోట మూల తుప్పల్లో పురుగులు దాక్కుంటాయని వాటినీ నరికి నిప్పు పెట్టింది. కొన్నాళ్లకు తోట కడిగిన ముత్యంలా తయారైంది. ఒక్క ఆకుకైనా చిల్లు లేదు. ఊరంతా వచ్చి మెచ్చుకుంటే ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. సాయంకాలం సొరపూలు తెల్లగా విచ్చుకునేవి, తెల్లవారేసరికి వడలిపోయేవి. పిందెలు పసుపుబారి రాలేవి. నీళ్లు పెంచింది, ఎరువు పెంచింది, దిష్టి తీసింది. ఒక్క కాయా నిలవలేదు. ఈ కాపు కూడా పోతే తోట వదిలి కూలికి దూరదేశం పోవలసిందే.

ఒక మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి పందిరి కింద నిద్రపోయింది. కలలో ఆ పందిరి ఆకాశమంత ఎత్తు పెరిగింది. ఆకుల సందుల్లోంచి పచ్చని వెలుగు నీళ్లలా కారుతోంది. ఆ వెలుగులో, నిండా చిల్లులున్న పచ్చచీర కట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒడి నిండా గొంగళిపురుగులు. ఆమె జోకొడుతుంటే అవి నిద్రపోయాయి; లేచేసరికి వాటికి బూడిదరంగు రెక్కలున్నాయి. సందెచీకట్లో అవి పూవు పూవుకూ పుప్పొడి మోసుకుపోతుంటే, వాలిన చోటల్లా పిందె నిలుస్తోంది.

“నా పిల్లలకి కూడు లేకుండా సేసినావు. ఇంక నీ పువ్వు కాడికి ఎవులొస్తారే?” అంది ముసలమ్మ.

“నువ్వెవులివమ్మా?” అంది అసిరమ్మ.

“నువ్వు తగలెట్టిన తుప్పల్లో ఉన్నాను. తొలి సాలు నా పిల్లలకి ఒగ్గెయ్. మిగతాది నీదే.”

మెలకువ రాగానే అసిరమ్మ పరుగున పోయి తోట మూల బూడిద తవ్వింది. చిల్లుల రాయి బయటపడింది. కడిగి, పసుపు రాసి, పందిరి కింద నిలిపింది. కషాయం చల్లడం మానింది.

పురుగులు రానే వచ్చాయి. తొలి సాలు, అంటే మొదటి వరుస మొక్కలను, జల్లెడ చేసి, రెండో సాలుకు పాకాయి. ఒకవైపు అమ్మ మాట, ఒకవైపు కళ్ల ముందు పోతున్న తోట. అసిరమ్మకు ధైర్యం చాలలేదు, కషాయం కుండ ఎత్తింది. అప్పుడే ఆకు అంచున ఒక పురుగు నమలడం ఆపి, తల ఎత్తి అటూ ఇటూ చూసింది. అమ్మ ఒడిలో నిద్రపోయిన బిడ్డ ఇదేనేమో అనిపించి ఆమె గుండె కరిగిపోయింది. కుండ తీసుకుపోయి దూరాన గోతిలో పూడ్చేసింది.

వానలు మొదలయ్యాక ఒక సందెవేళ పందిరి మీద రెక్కల అలికిడి వినిపించింది. వారం తిరగకుండా పిందెలు నిలిచాయి. తొలి కాయ మీద మళ్లీ పురుగు గాటే! దానినే పందిరి కింది అమ్మవారి ముందు పెడుతుంటే, అటుగా వచ్చిన గురువయ్య చూశాడు.

“మచ్చకాయ అమ్మకెలా పెడతావే అసిరీ?”

“ఆ పిల్లలే కాయ నిలబెట్టినారు బాబూ. ఆళ్లు తిన్నాక మిగిలిందే అమ్మకీ, నాకూనూ.”

గురువయ్య ఆ కాయను తానే కోసి, గాటు పడిన ముక్కనే ముందుగా నివేదించాడు.

నేటికీ ఈ చుట్టుపక్కల కూరతోటల వారు తొలి సాలుకు మందు చల్లరు, కోత కోయరు. దానిని అమ్మ సాలు అంటారు. కాపు నిలవని తోటల వారు, కడుపు పండాలని కోరుకునే దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటారు. హారతులన్నీ పగలే. సందె పడ్డాక ఈ గుడిలో దీపం పెట్టరు, రెక్కలొచ్చిన పిల్లలు మంటలో పడతారని. భక్తులు చీకట్లోనే చేతులు జోడించి కూర్చుంటారు. నెత్తి మీద రెక్కలు కదిలితే, అమ్మ బిడ్డలు క్షేమంగా ఉన్నారని తృప్తిపడి, ఆ తర్వాతే తమ బిడ్డల మాట విన్నవించుకుంటారు.