రాజమాత రాయికి ముసుగు

వెనకటికి మల్లెగిరి రాజ్యాన్ని ఉద్దండరాయలు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గాని, తన మాటకు ఎదురుండకూడదు. ఆయన తల్లి గౌరమాంబ కరువుకాలంలో తన చేత్తో ఊరందరికీ అంబలి పోసిన మహాతల్లి. ఆమె కాలం చేశాక, నగరం నడిబొడ్డున ఉన్న పూలతోటలో ఆమె గుర్తుగా విగ్రహం చెక్కమని రాయలు వీరోజు అనే శిల్పికి పురమాయించాడు.

తెర తీసిన రోజున జనం నోళ్లు తెరిచారు. కిరీటం లేదు, కళ్లు లేవు, ముక్కు లేదు. నున్నటి నల్లరాయి ఒకటి, నిలువెత్తున, ముందుకు వంగి ఉంది. అంతే!

“ఇదేమిటయ్యా, రోలు బోర్లించినట్టుంది!” అన్నాడొకడు.

“కాదు, ఏనుగు మోకాలు.”

“ఉల్లిగడ్డరా!” అన్నాడు ఆస్థాన దర్జీ రంగోజీ.

శిల్పిని అడిగితే, “చూసినవాళ్లే చెప్పాలి” అని ఊరుకున్నాడు.

రాయలకూ ఏమీ అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకోవడం ఆయనకు చేతగాదు. పైగా తల్లి గుర్తు నవ్వులపాలవుతోందని కోపం. వెంటనే చాటింపు వేయించాడు. “ఆ రాయిని రాజమాతతో తప్ప మరి దేనితో పోల్చినా, ఎంతటివారికైనా చెరసాలే!”

వారం తిరిగేసరికి చెరసాల నిండింది, తోట ఖాళీ అయింది.

రాయల కొలువులో చిట్టెన అనే చమత్కారి ఉండేవాడు. రంగోజీ అతనికి ప్రాణస్నేహితుడు. చిట్టెన చెరసాలకు వెళితే, రంగోజీ ఊచలు పట్టుకుని, “ఎల్లుండి నా కూతురి పెళ్లి, చిట్టెనా! కన్యాదానం ఎవరు చేస్తారు?” అన్నాడు. అందరినీ నవ్వించే చిట్టెనకు ఆ పూట ఇంటికెళ్లినా అన్నం సహించలేదు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ప్రభూ, వానలు దిగుతున్నాయి. రాజమాత అలా తడుస్తూ నిలబడితే చూడలేకున్నాను. ఒక ముసుగు కుట్టిద్దామా?”

రాయలు మెత్తబడ్డాడు. “మంచి మాట. కుట్టించు.”

“రంగోజీ తమ చెరలో ఉన్నాడు. అందుకని పొరుగూరి దర్జీని పిలిపించాను. తోటలోకి రమ్మంటే, చూస్తే నోరు జారతానేమోనని వణికిపోతున్నాడు. ఆకారం చెబితే చాలు, కుట్టేస్తాడట.”

“అయితే చెప్పరాదూ?”

“నాకు మాటలు చాలడం లేదు. తమంత చక్కగా వర్ణించేవారు ఎవరున్నారు ప్రభూ?”

రాయలు మీసం దువ్వుకున్నాడు. దర్జీని ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

“ఇదిగో, విను. కింద వెడల్పు, పైన సన్నం. ముందుకు ఒరిగి ఉంటుంది. ఇంకా తెలియలేదా? ఓరి మొద్దూ, సొరకాయను నిలబెట్టినట్టు ఉంటుందిరా!”

చిట్టెన వినయంగా తల వంచాడు.

“ప్రభూ, చెరసాలలో ఇసుక వేస్తే రాలడం లేదు. తమబోటివారు విడిది చేయాలంటే, ముందు అక్కడున్న వాళ్లందరినీ ఖాళీ చేయించాలి.”

రాయల ముఖం ఎర్రబడింది. మీసం అదిరింది. మరుక్షణం ఆయన పకపకా నవ్వాడు. “దొరికిపోయానురా! అందరినీ వదలండి. తోటకు పిలుచుకు రండి. ఎవరేమన్నారో నేనూ వింటాను.”

తోటలో ఒక్కొక్కరు తామన్నది చెబుతుంటే రాయలు కడుపు పట్టుకుని నవ్వాడు. చివరికి ఓబులవ్వ అనే ముసలామె వంతు వచ్చింది.

“నువ్వేమన్నావవ్వా?”

“వీపన్నాను నాయనా. ఎవరి వీపో చెప్పేలోపే భటులు పట్టుకుపోయారు. కరువులో మీ అమ్మ మా వరసలో ఒక్కొక్కరి గిన్నెలోకి వంగి అంబలి పోస్తూ వచ్చేది. కడన కూర్చున్న మాకు ఆ వంగిన వీపే కనపడేది. అది దగ్గరికొస్తుంటే ప్రాణం లేచొచ్చేది.”

వీరోజు కళ్లు తుడుచుకున్నాడు. “నేనూ ఆ కడనే కూర్చున్నాను ప్రభూ” అన్నాడు.

రాయలు దగ్గరికి వెళ్లి, ఆ రాతి వీపును చేత్తో నిమిరాడు. తరువాత చిట్టెన వైపు తిరిగాడు.

“చిట్టెనా, మరి నీకేం కనిపిస్తుంది? నిజం చెప్పు.”

“పనసకాయ ప్రభూ.”

రాయలు మళ్లీ నవ్వాడు. ఆ నవ్వుతోనే ఏటి ఒడ్డున ఉన్న పనసతోటను చిట్టెనకు బహుమతిగా ఇచ్చాడు.

రంగోజీ కూతురి పెళ్లి ఆ పూలతోటలోనే జరిగింది. పెళ్లికొచ్చిన పిల్లలు రాయి మీదికెక్కి, జర్రున జారి, మళ్లీ ఎక్కారు. భటులు అదిలించబోతే రాయలే వారించాడు.

“ఆడుకోనివ్వండి. నేనూ చిన్నప్పుడు ఆ వీపెక్కినవాణ్ణే!”