అవునన్న ఎలుగుబంటి

ఇప్పలకోన అడవిలో పులి, తోడేలు, నెమళ్ళు, దుప్పులు, ఒక ముసలి ముళ్ళపంది ఉండేవి. గుమ్మన్న అనే ఎలుగుబంటి కూడా ఉండేది. ఒళ్ళు కొండంత, బుద్ధి మాత్రం పసిపిల్లాడిది. ఏ మాటైనా నెమ్మదిగా చెబితేనే దానికి అర్థమయ్యేది.

ఒక ఉదయం నెమలి గుడ్లు మాయమయ్యాయి. అడవికి తలారి తోడేలు. అది పొద్దెక్కేలోపే గుమ్మన్నను పులి ముందుకు ఈడ్చుకొచ్చింది.

"దొంగ వీడే దొరా! తనే ఒప్పుకున్నాడు. నేను గట్టిగా అడిగితే ఒప్పుకోనివాడు ఈ అడవిలో ఉన్నాడా?" అని మీసం దువ్వింది.

తప్పు ఒప్పుకున్నవాణ్ణి గట్టు అవతలికి తరిమేయడం అక్కడి కట్టుబాటు. అవతలంతా వేటగాళ్ళ ఉచ్చులే. గుమ్మన్న మాత్రం అందరినీ చూసి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ముళ్ళపంది సూరమ్మకు అనుమానం వచ్చింది.

"దొరా, నన్నొక్క మాట అడగనివ్వండి," అంది.

"ఒప్పుకున్నాక ఇంకేం అడుగుతావమ్మా? ముళ్ళు దులుపుకుని ఇంటికి పో," అని తోడేలు వెక్కిరించింది.

పులి సరేనంది. సూరమ్మ అచ్చం తోడేలులాగే గొంతు పెంచింది.

"ఒరేయ్! పులిదొరను చంపింది నువ్వేనా?"

గుమ్మన్న ఉలిక్కిపడింది. "అవునండీ! నేనేనండీ!"

ఎదురుగా బతికే ఉన్న పులి నోరు తెరిచింది. ఈ జవాబే వస్తుందని సూరమ్మకు తెలుసు. అయినా విన్నాక దాని ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

అది వెళ్ళి గుమ్మన్న పక్కన కూర్చుంది. "ఎందుకయ్యా అవునన్నావు?"

"అవునంటే అరవరు అత్తా. ఇంటికి పోవచ్చు. తలారిగారే చెప్పారు."

"పొద్దున ఎక్కడున్నావు? పద, చూపించు."

గుమ్మన్న అందరినీ చెదలపుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. "ఇక్కడ చెదలు తిన్నాను. ఉడుము గుడ్డు కరుచుకుని అందులోకి పోయింది," అని ఒక బొరియ చూపించింది. బొరియ నిండా గుడ్ల పెంకులు!

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని పులి అడిగింది.

"ఎవరూ అడగలేదండీ."

అప్పుడు ఒక ఆడదుప్పి ముందుకొచ్చింది. "దొరా, పోయిన ఎండాకాలం మా తమ్ముడు కూడా ఇలాగే అవునన్నాడు. వాడికీ మాటలు త్వరగా అర్థమయ్యేవి కావు. గట్టు అవతలికి తరిమేశారు."

పులికి ఆ విచారణ గుర్తొచ్చింది. ఆ తీర్పు చెప్పింది తనే. తోడేలును అక్కడికక్కడే తలారి పని నుంచి తీసేసింది. "పో! వాణ్ణి వెతికి తీసుకురా!" అని గర్జించింది.

సాయంత్రానికి తోడేలు కుంటుకుంటూ తిరిగొచ్చింది. దాని ముందుకాలు ఉచ్చులో నలిగిపోయింది. నోట్లో ఒక దుప్పి కొమ్ము ఉంది. దుప్పి లేదు.

ఆనాటి నుంచి ఇప్పలకోనలో ఎవరిని విచారించినా, పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగేవారు ఒకరు ఉండాల్సిందే. ఆ చోటు మొదట సూరమ్మకే దక్కింది.

నీతి: భయపెట్టి అనిపించిన అవును నిజం కాదు, అర్థంకానివారికి అర్థమయ్యేలా అడిగి వినడమే న్యాయం.