తిప్పక్క పిలుపు

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే పోండి. గోడలకి కథ చెప్పే ఓపిక నాకు లేదు.

అనగా అనగా, ఆ ఎదురు గుట్టకి ఇంకా ఎవరూ పేరు పెట్టని కాలం. గుట్ట కింద తిప్పక్క అని ఒక ముసలామె ఉండేది. అత్త చేతి నుంచి వచ్చిన పాలమేకలు మూడు. ఎర్రమేక, చుక్కమేక, చెవులమేక. అదే ఆస్తి, అదే సంసారం. పొద్దున పాలు పిండేది, గుట్టకి తోలేది, సాయంత్రం మళ్ళీ పిండేది. పాకెట్టు కత్తిరించి పాలు పోసుకునే మీకేం తెలుసు, తుమ్మకాయలు మేసొచ్చిన మేక పాలు పొంగుతుంటే ఎంత వాసనో! మా అవ్వ కాచేది. ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

తిప్పక్కకి ఒక మొండితనం ఉండేది. మేకకి చన్నులు రెండు. ఒకటి పిల్లకి, ఒకటి మనకి. ముందు పిల్లని వదిలేది. అది మ్యే అని అరిచి పొదుగులో మూతి పెడితే మేక చేపేది, అంటే పాలు కిందికి వదిలేది. అప్పుడే తిప్పక్క చెంబు పట్టేది.

ఒక ఏడు వానల్లేవు. రెండో ఏడూ లేవు. మూడో ఏడు గుట్ట మీద ముళ్ళు తప్ప ఏమీ మిగల్లా. ఊళ్ళో ఆవుల్ని, బర్రెల్ని మేత కోసం దూరం తోలుకుపోయారు. ఎర్రమేక ఒట్టిపోయింది. చుక్కమేక ఒట్టిపోయింది. చెవులమేక ఒక్కటే ఈని, ఒక్క పిల్లని పెట్టింది.

ఆ ఏడే గంగిరెడ్డి పెళ్ళాం ఆడబిడ్డని కని కన్నుమూసింది. గంగిరెడ్డంటే మామూలోడా? మీసం మీద చెయ్యి తియ్యని మనిషి. ఆయన దగ్గితే వీధి లేచి నిలబడేది. అలాంటోడు బిడ్డని తువ్వాల్లో పెట్టుకుని తిప్పక్క గుమ్మంలో నిలబడ్డాడు.

"తిప్పక్కా, దీనికి పాలు కావాల."

"నా వంతు నీ బిడ్డకే రెడ్డీ. తాపుకో."

ఆ రోజు నుంచి ఒక చన్ను మేకపిల్లకి, ఒక చన్ను ఆడపిల్లకి. తిప్పక్క సంగటిలోకి నీళ్ళే పోసుకుంది.

బిడ్డకి అది చాలేది కాదు. "ఆ మేకపిల్లని తీసెయ్. రెండూ దీనికే పిండు" అన్నాడు గంగిరెడ్డి.

"పిల్ల లేకపోతే మేక చేపదు రెడ్డీ."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట. మూడోసారి అడగలా. తిప్పక్క మేకలకి ఆకు కోసం పోయినప్పుడు మేకపిల్లని ఎత్తుకుపోయి గుట్ట అవతల కట్టేశాడు. ఒక్కరోజే కదా, సాయంత్రానికి తెచ్చేద్దాం అనుకున్నాడు. సాయంత్రం పోయి చూస్తే తాడే మిగిలింది. పిల్లని తోడేలు తినేసింది.

తిప్పక్క ఊరుకుంటుందా? "నీ చేతులు పడిపోనూ! ఒక బిడ్డకి తండ్రివై ఉండి ఇంకో తల్లి బిడ్డని ఎత్తుకుపోతావా!" అని దుమ్మెత్తి పోసింది.

మేక పాలు బిగబట్టింది. పొదుగు నిండుగా ఉంది, చుక్క రాలదు. ఆ ఇంట్లో బిడ్డ ఏడుపు ఈ దొడ్లోకి వినబడతా ఉంది. తిప్పక్క మొదట కందిపొట్టు పెట్టింది. మేక తినింది, చేపలా. తర్వాత పక్కూరి నుంచి ఇంకో పిల్లని తెచ్చి వదిలింది. మేక వాసన చూసి కుమ్మి పారేసింది. మూడోది ఆమె కావాలని చేసింది కాదు. మేక మెడ పట్టుకుని, పోయిన పిల్లని తలుచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "ఇట్టనే కదే అరిచేది నీ బిడ్డ" అని, మ్యే అంది. మేక చెవులు నిలబడ్డాయి. మళ్ళీ మ్యే అంది. మళ్ళీ మ్యే. మేక చేపింది!

అంతే. ఇంక పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. ఊరు ఊరంతా నవ్వింది. "ఏం తిప్పక్కా, నీక్కూడా ఆకు వెయ్యమంటావా?" అని వేళాకోళం. "వెయ్యండ్రా, నవ్వినోళ్ళంతా తలా ఒక కొమ్మ తెచ్చి వెయ్యండి, నా మేకన్నా తింటుంది" అనేది. గంగిరెడ్డి మాత్రం దొడ్డి బయటే నిలబడి, చెంబు తీసుకుని, తల ఎత్తకుండా పోయేవాడు.

బిడ్డ బోర్లా పడింది. బిడ్డ పాకింది. ఇంకా సంగటి ముద్ద నోటికి అందకముందే తిప్పక్కకి జ్వరమొచ్చింది. మూడోరోజు పోయింది.

మట్టి చేసి వచ్చేసరికి పొద్దు వాలింది. చెవులమేక పొదుగు నిండి మూలుగుతా ఉంది. బిడ్డ గుక్కపట్టింది. ఒకామె కూర్చుని పిండింది, చుక్క రాలా. ఇంకొకామె కూర్చుంది, మేక తన్నింది. అందరూ చూస్తుండగా గంగిరెడ్డి వంగి దొడ్లోకి వచ్చాడు. తలపాగా తీసి పక్కన పెట్టాడు. మేక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు, గొంతు రాలా. మళ్ళీ తెరిచాడు, రాలా. మూడోసారి, ఆ మీసాల మనిషి, మ్యే అన్నాడు. అని భోరుమన్నాడు. "తప్పయింది తిప్పక్కా" అన్నాడు. ఒక్కరంటే ఒక్కరు నవ్వలా. మేక ఆయన చెయ్యి నాకింది, పాలు వదిలింది.

ఆ బిడ్డ బతికింది. పెరిగి పెద్దదై పిల్లల తల్లయింది.

ఇప్పటికీ మా గుట్ట కింది ఊళ్ళల్లో, మేక కింద చెంబు పెట్టేముందు మ్యే అని మూడుసార్లు పిలుస్తారు. పిల్ల పక్కనే ఉన్నా పిలుస్తారు. తిప్పక్క పిలుపు అంటారు దాన్ని. మా అవ్వ పిలిచేది, మా అమ్మ పిలిచేది. ఆ పిలుపుతోనే నాకు తెల్లారేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది నాకు. కొత్త కోడలు కొంగు నోట్లో కుక్కుకుని సిగ్గుపడితే, అత్త గసురుతుంది:

"గంగిరెడ్డే అరిచాడు, నీకేందే సిగ్గు? పిలువు!"