గోంగూర వలిచేలోగా

ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పే అలవాటు బొబ్బిలి పరాంకుశంగారికి లేదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. బావిలో పడ్డ చేద తియ్యమంటారు, లేదా అటక మీది పుస్తకాలు ఎండలో పెట్టమంటారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరు అసలు ప్రశ్నే మరిచిపోయేవారు. మిగిలినవాళ్ళు అలిగి మరో గురువును వెతుక్కునేవారు. ఏళ్ళ తరబడి తర్కం పాఠం చెప్పి రిటైరైన ఆయనకు ఈ మూడు రకాల శిష్యుల మీదా ఒకే ప్రేమ.

ఒకనాడు ఉదయం పదింటికి సన్యాసిరావు వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. పేరు చూసి మోసపోకండి, అతను నిండు సంసారి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కితే ఇంటికి చేరేది రాత్రి పదిన్నరకు.

"గురువుగారూ, నాలుగింటికే లేస్తున్నానండి. మూడు గంటలపైన పీట మీద కూర్చుంటున్నాను. అయినా మనసు నిలవడం లేదు. అసలు జపం దాకా రానే రావడం లేదు. ఇంకో ఉపదేశం ఇప్పించండి."

"ఇప్పటికి ఎన్నున్నాయి?"

"ఏడండి."

ఆ ఏడూ ఒక్కసారి వచ్చినవి కావు. మనసు చెదురుతోందంటే యాత్రలో కలిసిన ఒక స్వామి ఊపిరి పట్టడం నేర్పాడు. ఊపిరి మీద ధ్యాస కుదరకపోతే పార్వతీపురం పెద్దాయన ఒకరు దీపాన్ని చూడమన్నాడు. దీపం చూస్తే నిద్రొస్తోందని ఇంకెవరో ఇంకేదో చెప్పారు. ఒకరిచ్చింది వదిలేస్తే పాపమేమోనన్న భయంతో సన్యాసిరావు అన్నీ మోస్తున్నాడు. ఈమధ్య చేస్తున్నది నాలుగోదో అయిదోదో తనకే తెలియక, అనుమానం వచ్చి మళ్ళీ మొదటికి వెళ్తున్నాడు కూడా.

అసలు బాధ వేరే ఉంది. భార్య పైడికుమారి పల్లెటూరి బడిలో టీచరు, ఏడుంబావు బస్సుకు వెళ్తుంది. రాత్రి అతను వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి దొరికేది పొద్దుటిపూటే. పదిహేను రోజుల క్రితం ఆమె పూజగది గుమ్మంలో నిలబడి, "మీతో ఓ మాట చెప్పాలి" అంది. జపం అయ్యాక చెప్పమని ఇతను సైగ చేశాడు. అప్పట్నించి రోజూ ఆమె వచ్చి నిలబడటం, ఇతను కళ్ళు తెరిచేసరికి బస్సుకు వెళ్ళిపోవడం. ఆ మాటేమిటో తెలియక సన్యాసిరావుకు లోపల్లోపల బెంగగానే ఉంది. ఎనిమిదో ఉపదేశంతో మనసు త్వరగా నిలిచిపోతే, త్వరగా లేచి ఆ మాట వినవచ్చునని అతని ఆశ. ఇదంతా కూడా గురువుగారికి చెప్పుకున్నాడు.

ఆయన విని, "సరే. ముందు ఆ కంప్యూటరు సంగతి చూడు. లేవడానికి ఎంతసేపు పడుతోందో!" అన్నారు.

చూపు మందగించాక పరాంకుశంగారు పెద్ద అక్షరాలతో చదువుకోవడానికి వాడే పాత కంప్యూటరు అది. డ్యూటీలో రీడింగులు కంప్యూటరులోకి ఎక్కించే మనిషి కనక శిష్యుల్లో సన్యాసిరావుకు యంత్రజ్ఞుడని పేరు. జవాబు రాకుండా ఈ కంప్యూటరేమిటో అర్థంకాకపోయినా మీట నొక్కాడు. గురువుగారు చాప మీద కూర్చుని గోంగూర వలవడం మొదలుపెట్టారు. నాలుగు కట్టలు అయిపోయాక గాని తెర మీద బొమ్మ రాలేదు.

మీట నొక్కగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా తెరిచి చూసి అతను తల గోక్కున్నాడు. ఆరున్నాయి. ఆరూ కంప్యూటరు వేగం పెంచడానికి పెట్టినవే! పొద్దున్నే ప్రతిదీ లేచి యంత్రమంతా ఒకసారి తనిఖీ చేస్తోంది. అన్నీ మందులే, రోగం మాత్రం కనబడలేదు.

"ఏటో తెలీడం లేదండి. ఇవన్నీ ఎవరు పెట్టారు?"

"మీరే. నెమ్మదిగా ఉందని నేనన్నప్పుడల్లా ఒక్కొక్కరు వచ్చి ఒక్కొక్కటి పెట్టి వెళ్ళారు."

"మరి పాతది తీసెయ్యలేదేమండీ?"

"నువ్వెందుకు తియ్యలేదు?"

సన్యాసిరావు నాలిక కరుచుకున్నాడు. నిరుడు గురుపూర్ణిమకు తనూ ఒకటి పెట్టాడు. ఆరోది అదే. "ఒకరు మీకు భక్తితో సమర్పించింది ఇంకొకరు తీసేస్తే అపచారం కదండీ" అన్నాడు మెల్లగా.

"కంప్యూటరు నాది. తీసెయ్యి."

అయిదింటిని తీసేశాడు. మళ్ళీ మీట నొక్కాడు. ఈసారి రెండు కట్టలు పట్టింది.

"ఇంకా ఏమైనా మిగిలిందా?"

"ఒక్కటేనండి. అది మంచిదండి."

"ఎవరిది?"

"నాదేనండి" అని సన్యాసిరావు ఒప్పుకున్నాడు. తను కష్టపడి వెతికి, ఒక పూటంతా కూర్చుని పెట్టినది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. గురువుగారు తొందరపెట్టలేదు, ఆకులో పురుగులేమైనా ఉన్నాయేమోనని చూసుకుంటున్నారు. చివరికి అతను మనసు చంపుకుని దాన్నీ తీసేసి, మీట నొక్కాడు. గురువుగారు కొత్త కట్టకున్న నార విప్పుతుండగానే తెర వెలిగింది.

కొత్తగా ఏమీ పెట్టలేదు, అయినా బాగుపడింది. సంతోషించాలో సిగ్గుపడాలో సన్యాసిరావుకు తోచలేదు. గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు దాటింది. డ్యూటీ టైము దగ్గర పడుతోంది, వచ్చిన పని మాత్రం కాలేదు. గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"గురువుగారూ, మరి ఆ ఎనిమిదో ఉపదేశం?"

పరాంకుశంగారు వలిచిన ఆకంతా బుట్టలోకి ఎత్తుకుంటూ అన్నారు.

"అది మీ ఆవిడ దగ్గరుందిరా. పదిహేను రోజులుగా పట్టుకుని గుమ్మంలోనే నిలబడుతోంది."