కళ్లబండమ్మ నేల మీద పులుపు ఎందుకు పెట్టరంటే

చిట్రాళ్లపల్లెలో బస్సు దిగి, నాపరాళ్ల గనుల పక్కన మట్టిరోడ్డు పట్టుకుంటే పది నిమిషాల్లో కళ్లబండమ్మ గుడి. గోపురం గీపురం ఏం ఉండదు, వెతక్కండి. రేకుల కప్పు, నాలుగు స్తంభాలు, మధ్యలో నల్ల నాపరాయి నేల. అంతే. విగ్రహం ఏదని పూజారిని అడక్కండి, అందరూ అదే అడిగి ఆయన ప్రాణం తీస్తున్నారు. తూర్పు వైపు కూచుని తల వంచి నేలలోకి చూడండి. రెండు కళ్లు కనిపిస్తాయి. ఆవిడే అమ్మ.

మిగతా మొహం ఏమైందంటారా? చెప్తా వినండి.

ఎప్పటి మాటో ఇది. అప్పుడు ఈమె ఉత్త బండమ్మే. గనిలో తీసిన రాయి ఇక్కడ పరిస్తే అందులో మొహం దానంతటదే తేలిందంట, ముక్కుపుడకతో సహా. నేల తుడిచే పని సుంకమ్మది. ఒట్టి నీళ్లు, మెత్తటి బట్ట, ఇంకేం వాడేది కాదు. ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. అమ్మ మొహానికి కీడు చేసినోళ్లు పొద్దుగూకేలోపు ఊరు వదలాల.

ఒక జాతర రోజు పొద్దున సుంకమ్మ గుడి ఇత్తడి బిందెలు చింతపండుతో తోమింది. అవి బంగారంలా మెరిశాయి. 'అమ్మ మొహం కూడా ఇట్లే మెరిస్తే ఎంత బాగుంటాది!' అనుకుంది. మిగిలిన చింతపండు తీసుకుని నేలంతా రుద్దేసింది. కడిగి చూస్తే ఏముంది, బండ మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు. మొహం లేదు!

సుంకమ్మ మళ్లీ కడిగింది, పోలేదు. నూనె పూసింది. కాసేపు నల్లగా కనిపించి, దుమ్మంతా అంటుకుని ఇంకా అసహ్యంగా తయారైంది. బయట పూజారి ఓబులయ్య అరుస్తున్నాడు.

"ఏం మే సుంకమ్మా, అయిందా? జనాలు ఎద్దుల బండ్లు కట్టేసినారంట!"

"ఆ... అయిపోతాంది సామీ, లోపలికి రావాకండి, తడి ఉంది!"

పూలు తెచ్చి మచ్చల మీద పోసింది. సాయంత్రం హారతికి పూలు తీస్తారు కదా, అప్పుడేం చెప్పాల? ఊరు వదిలి యాడికి పోవాల? ఏడ్చి ఏడ్చి మధ్యాహ్నం స్తంభానికి ఆనుకుని కళ్లు మూసింది.

కలలో అమ్మ వచ్చింది. మామూలు కోపంతో కాదు.

"బిందె తోమినట్టు తోమినావే నా మొహాన్ని! నాపరాయికి పులుపు పడదే పిచ్చిదానా. అది మురికిని తీయలేదు, రాయినే తినేసింది. నూనె పూసి ఎవరికి కనపడకుండా దాస్తావు? లే. నీళ్లు పోస్తూ సానరాయితో రుద్దు. ముందు గరుకుది, తర్వాత నున్నది. చివర్న తడి గోనెతో."

సుంకమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆ నూనంతా కడిగి రుద్దడం మొదలుపెట్టింది. వేళ్లు పగిలాయి, మోకాళ్లు కొట్టుకుపోయాయి. ఎండ దిగిపోతాంది, డప్పులు దగ్గరికొస్తున్నాయి. తేలింది అరచెయ్యంత జాగానే. అందులో రెండు కళ్లు మాత్రం నిగనిగలాడుతూ ఆమెనే చూస్తున్నాయి.

జనం లోపలికొచ్చి నిలబడిపోయారు. మళ్లీ పూలు కప్పేయొచ్చు. సుంకమ్మ కప్పలేదు.

"నేనే పాడు చేసినా సామీ. చింతపండుతో రుద్దినా. పొమ్మంటే పోతా, ఈ ముక్క అయ్యేంతవరకు ఉండనీండి."

ఓబులయ్య వంగి ఆ కళ్లను చూశాడు, ఆమె వేళ్లను చూశాడు. పంచె పైకి కట్టి పక్కన కూచున్నాడు.

"జరుగు మే. ఆ రాయి ఇట్లా ఇయ్యి."

ఆ రోజు నుంచి బండమ్మ కళ్లబండమ్మ అయింది, ఆ కట్టుబాటు ఊరే తీసేసింది. ఇప్పటికీ నిమ్మకాయ, పులిహోర, కొబ్బరికాయ అన్నీ బయటే. కాళ్లకి ఇసుక అంటించుకుని వచ్చారో, తిట్లు తినాల్సిందే. ఎవరొచ్చినా సానరాయి చేతికిస్తారు, పూజారి చూపించిన చోట నీళ్లు పోస్తూ నూట ఎనిమిది సార్లు రుద్దాలి. ఇన్నేళ్లకి కనుబొమ్మలు తేలాయి. మొన్న ఎవరో నిమ్మసోడా ఒలకబోస్తే ఎడమది సగం పోయింది, ఊరంతా రెండ్రోజులు అన్నం తినలేదు.

తప్పు చేసి ఇంట్లో చెప్పలేక నలిగిపోయేవాళ్లు ఇక్కడ రుద్ది వెళ్తే, ఆ మాట చెప్పే ధైర్యం అమ్మ ఇస్తుందని నమ్మకం. ముక్కు ఇంకా రాలేదు. రండి, సానరాళ్లు చాలానే ఉన్నాయి.