పది రోజుల టమాటా

అనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో నాగులమ్మ అనే అత్త, చెంగమ్మ అనే కొత్త కోడలు ఉండేవాళ్ళు, చిట్టీ. వాళ్ళది టమాటా తోట. కొండ మీది బడిపిల్లల హాస్టల్‌కి వాళ్ళే టమాటాలు పంపేవాళ్ళు. జీపు పది రోజులకి ఒక్కసారే కొండెక్కేది. అంటే పండు పది రోజులు ఆగాలి కదా?

ఆగేది కాదు. నాలుగో రోజుకే నీళ్ళు కారేది. పిల్లలు చారు లేకుండానే అన్నం తినేవాళ్ళు. చివరికి వార్డెనమ్మ కబురు పెట్టింది. "వచ్చే ఏడాది మొదటి గంపలు చూస్తాను. అవీ కుళ్ళితే వేరే తోట చూసుకుంటాం."

నాగులమ్మ వాపోయింది. తనేం తక్కువ చేసిందని? మనవడికి నెయ్యి పోసినట్టు, మొక్కకి గుప్పెడు మీద గుప్పెడు యూరియా వేసేది. కాయలు పిడికిలంత అయ్యేవి, నిగనిగలాడేవి.

అప్పుడు చెంగమ్మ, "అత్తా, మూడు సాళ్ళు నాకియ్యి" అంది. మొదటి సాలుకి అత్త వేసినట్టే యూరియా వేసింది. రెండో సాలుకి బాగా చివికిన పేడ ఎరువు వేసింది. మూడో సాలుకి పేడ ఎరువుతో పాటు కొంచెం యూరియా, కొంచెం పొటాష్ కొలిచి వేసింది.

"మూడోది నీ మొగుడిలాగుంది, అటూ కాదు ఇటూ కాదు" అని నవ్వింది అత్త.

కాయలు పండాయి. మొదటి సాల్లో చెట్టుకి నలభై. రెండో సాల్లో ఇరవై. మూడో సాల్లో ముప్పై అయిదు.

"చూశావా, నాదే గెలిచింది!"

"పది రోజులాగు అత్తా."

ఆ తర్వాత చెంగమ్మ ఒక్కో సాలు నుంచి పదేసి పళ్ళు ఏరి, మూడు గంపల్లో గడ్డి పరిచి పెట్టింది. పదో రోజున నాగులమ్మే వంగి, ఒక్కో పండూ నొక్కి చూసింది. మొదటి గంపలో గట్టిగా ఉన్నవి మూడే! రెండో గంపలో తొమ్మిది. మూడో గంపలో ఎనిమిది.

చెంగమ్మ వేళ్ళ మీద లెక్క చెప్పింది. "మొదటి చెట్టు నలభై కాసినా మిగిలేవి పన్నెండు. రెండోది ఇరవై కాస్తే పద్దెనిమిది. మూడోదానికి ఇరవై ఎనిమిది!"

నాగులమ్మ వెళ్ళి యూరియా బస్తా మూతి బిగించి కట్టింది. "ఇక నుంచి ఎరువు నువ్వే కొలిచి వెయ్యి తల్లీ."

మరుసటి ఏడాది తోటంతా మూడో సాలులాగే పెంచారు. గంపలు కొండెక్కాయి. పదో రోజు జీపులో నాగులమ్మ కూడా ఎక్కి వెళ్ళింది. వార్డెనమ్మ చివరి గంపలో ఒక పండు తీసి నొక్కింది. వేలు దిగలేదు! ఆ పూట పిల్లలు మూడేసి గరిటెల చారు పోయించుకున్నారు.

"అంతా మా కోడలి లెక్క!" అని నాగులమ్మ వంటామెకి చెప్పింది, జీపు డ్రైవరుకి చెప్పింది, ఆఖరికి కొడుక్కీ చెప్పింది.

పండేమో చారుకి, గంపేమో గూటికి,
కథేమో కంచికి, నా చిట్టేమో నిద్రకి!