సాయంకాలం ఫొటోలు

పొద్దు వాలితే చుక్కమ్మకు కళ్లు కనబడవు. ఆ మాట ఇంతవరకు ఆమె నోటివెంట రాలేదు. పగటిపూట ఇసుకలో పడ్డ నువ్వుగింజను దూరం నుంచే పట్టేసే కోడి అది. చూపంటే చుక్కమ్మదే అని కొట్టమంతా పేరు. ఆ పేరు పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

ఆ పేరు చూసే మెకానిక్ కోతి సింగన్న కొత్త పెట్టెకు పాఠం చెప్పే పని ఆమెకు అప్పజెప్పాడు. పెట్టెకు ఓ గాజు కన్ను. కొట్టం తలుపు దాని చేతిలో ఉంటుంది. కుక్క వస్తే తీయాలి, నక్క వస్తే మూసి సైరన్ కొట్టాలి.

"కన్ను గాజుదే గానీ, బుద్ధి మాత్రం మన కళ్ల వెనకుండే మెదడును చూసి కట్టిందే," అన్నాడు సింగన్న. "ముందు అంచులు పట్టుకుంటుంది. అంచులు కలిపి ఇది చెవి, ఇది తోక అనుకుంటుంది. అన్నీ కలిపి ఎవరో తేలుస్తుంది. అయితే ఏది నక్కో, ఏది కుక్కో ముందు మనం చెప్పాలి. ఫొటో చూడు, మీట నొక్కు."

పగటి ఫొటోలన్నీ చుక్కమ్మ తప్పు లేకుండా నొక్కింది. సాయంకాలం తీసినవి వచ్చేసరికి తెర మీద మసక తప్ప ఏమీ లేదు.

పక్కనున్న గుడ్లగూబ గంగులమ్మ మెల్లగా అంది: "అవి నాకివ్వు వదినా. నీ వల్ల కాదు."

"పిల్లల తల్లిని. నీ అపశకునపు మొహం చూస్తూ పని చెయ్యమంటావా?"

గంగులమ్మ నొచ్చుకుని క్వారీ గుట్టకు మకాం మార్చేస్తూ ఫోన్ నంబరు మాత్రం గోడ మీద గీరి వెళ్లింది. ఆ వేళప్పుడు తిరిగేది మన మోతీ కుక్కే కదా అనుకుని, చుక్కమ్మ మసక ఫొటోలన్నిటికీ కుక్క మీటే నొక్కేసింది.

నెల తిరక్కుండా నక్క వచ్చింది. మధ్యాహ్నం వచ్చి సైరన్ మోగేసరికి పారిపోయింది. పొద్దు వాలాక మళ్లీ వచ్చింది, ఊరికే చూద్దామని.

"కుక్క," అంది పెట్టె. "తలుపు తీస్తున్నాను."

నక్క ఒక్క క్షణం తన చెవులను తనే నమ్మలేదు. తర్వాత గొంతు సవరించుకుంది.

లోపల చుక్కమ్మ రెక్కల కింద పదకొండు పిల్లలు. తలుపు చప్పుడైంది, ఆ వెంట వినబడ్డ గోళ్ల చప్పుడు మాత్రం మోతీది కాదు.

"ఎవరది?"

"నేనే అక్కా, మోతీని."

"గొంతేమిటలా ఉంది?"

"జలుబు చేసింది."

చుక్కమ్మకు ఎదురుగా నల్లటి గోడలా చీకటి. పెట్టె కుక్క అంటోంది. తనకు కనబడనిది దానికీ కనబడటం లేదని అప్పుడు తట్టింది. గుమ్మం మీది బల్బు తాడు మాత్రం ఆమె పడుకునే గూటి పక్కనే ఉంది. దాన్ని పట్టుకోవడానికి చూపక్కర్లేదు.

"జలుబుకి మిరియాలున్నాయి. అక్కడే గుమ్మం మీద నిలబడు నాయనా."

కోడికి ఈ వేళ కనబడదని నక్కకు తెలుసు. నవ్వాపుకుంటూ నిలబడింది. చుక్కమ్మ ముక్కుతో తాడు లాగింది. గుమ్మం మీద బల్బు వెలిగింది.

"నక్క," అంది పెట్టె.

"ఇందాక కుక్కన్నావు కదే," అంది నక్క, చిన్నబుచ్చుకుని.

"ఇందాక మసకగా ఉంది."

సైరన్ మోగింది. నక్క వెనక్కి తిరిగి బయటికి దూకింది గానీ, తోక దాటేలోపే తలుపు పడింది. తోక చివర గుప్పెడు వెంట్రుకలు తలుపు సందులో మిగిలాయి.

మోతీ ఆవలిస్తూ వచ్చాడు, సింగన్న నిచ్చెన దిగి వచ్చాడు. "పెట్టెకు ఎంత బాగా నేర్పావు అక్కా," అన్నాడు మోతీ.

చుక్కమ్మ పిల్లల్ని ముక్కుతో తడిమి చూసుకుంది. పదకొండూ ఉన్నాయి.

"బల్బు ఆర్పితే మళ్లీ కుక్కే అంటానమ్మా," అంది పెట్టె. నేరం మోపినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "నువ్వలాగే చెప్పావు."

రేపు ఆ బల్బు మాడిపోతే? చుక్కమ్మ గోడ వైపు తిరిగింది.

"సింగన్నా, ఆ నంబరు చదివిపెట్టు. ఫోన్ చెయ్యాలి."

"ఎవరికి?"

"గంగులమ్మ వదినకి. ఈ వేళప్పుడు నాకు కనబడదని చెప్పాలి."

గురువు దాచుకున్న లోపాన్ని శిష్యుడు దాచలేడు.